నాలుగు టైర్లూ మూడంతస్తుల కేకూ

మా కారుకు అబద్ధాలాడే అలవాటుంది. ఈ మాట నేనంటే మా ఆయన నొచ్చుకుంటారు. "అబద్ధం గాదు, అంచనా" అని సర్దుతారు. లక్డీకాపూల్‌లో ఒక సర్కారు ఆఫీసులో ముప్పై ఏళ్లుగా ఫైళ్లు చూస్తున్న మనిషి. అబద్ధానికీ అంచనాకీ తేడా ఆయనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

కరెంటు కారు అది. సెకండ్ హ్యాండులో కొన్నాం. చిన్నది, నీలం రంగు, స్టార్ట్ అయిందో లేదో ఎవరికీ తెలియనంత నిశ్శబ్దం. అబిడ్స్ సందులో మా ఫ్లాటు మూడో అంతస్తు. బాల్కనీలోంచి వైరు కిందికి వేలాడదీసి ఛార్జి చేస్తాం. కింది అంతస్తు వాళ్లు ఆ వైరు మీద ఒకసారి చిన్న టవలు ఆరేశారు, ఆ గొడవ ఇప్పుడొద్దు. నిండా ఛార్జి చేస్తే స్టీరింగు వెనక తెర మీద నూట డెబ్బై అని అంకె వెలుగుతుంది. ఇంకా నూట డెబ్బై కిలోమీటర్లు పోతానని కారు మాకిచ్చే మాట అది. సుల్తాన్ బజార్‌కు పోయి, పార్కింగు కోసం మూడు చుట్లు తిరిగి, నాలుగు గిన్నెలు కొనుక్కొని ఇంటికొచ్చినా ఆ అంకె పెద్దగా కదలదు. ఒక్కోసారి పెరుగుతుంది కూడా. మొదటిసారి పెరిగిన రోజు మా ఆయన ఇంటికొచ్చి ఇద్దరికి ఫోన్ చేసి చెప్పారు.

"అది నిన్న మొన్న మనం ఎట్ల నడిపినమో చూసి రేపటి లెక్క చెప్తది. అబిడ్స్ ట్రాఫిక్‌ల ఇరవై మీద పోతే దానికి ఖర్చేముంటది? బ్రేకు కొట్టినప్పుడల్లా జర కరెంటు వాపస్ వస్తది గూడా" అని ఆయన నాకు పాఠం చెప్పారు. నాకు! నేను బడిలో ఫిజిక్స్ చెప్తాను. తొమ్మిదో తరగతికి ఇరవై రెండేళ్లుగా పీడనం పాఠం నేనే చెప్తున్నాను. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, తర్వాత దాచిపెట్టానని అనొద్దు.

బడి కాకుండా నాకింకో పని ఉంది, కేకులు చేస్తాను. అది మా వదిన నేర్పిన విద్య. మా పుట్టిల్లు మెదక్. వదిన ఆ ఇంటికి కోడలుగా వచ్చేనాటికి నాకు పదిహేనేళ్లు. పిండి జల్లించడం దగ్గర్నుంచి అన్నీ ఆమె దగ్గరే నేర్చుకున్నాను. నా పెళ్లి ఇక్కడ అబిడ్స్ చర్చిలో జరిగింది. కేకు ఆమె మెదక్‌లో చేసి, బస్సులో ఒళ్లో పెట్టుకుని, గౌలిగూడలో దిగి, ఆటో కుదుపులకు విరుగుతుందని అక్కణ్నుంచి అబిడ్స్ దాకా నడిచి తెచ్చింది. ఆ రోజుల్లో ఐసింగు రాయిలా ఉండేది. పెళ్లికూతురూ పెళ్లికొడుకూ ఇద్దరం కలిసి బలం పెట్టినా కత్తి దిగలేదు. "గట్టిగనే చేసిన, మీ కాపురం లెక్క" అని వదిన అందరి ముందూ నవ్వింది.

నాలుగేళ్ల కింద ఆమె పోయింది. పోయిన ఏడాది ఆమె కూతురికి పెళ్లి కుదిరింది. మెదక్‌లోనే, మే నెలలో. పిల్ల నాకు ఫోన్ చేసి, "అత్తమ్మా, కేకు నువ్వే చెయ్యాలె. అమ్మ ఉంటే అమ్మ చేసేది గదా" అంది. చేస్తానన్నాను. ఆ ఒక్క మాట ఇచ్చాక ఇక మూడు నెలలు నాకు నిద్రలో కూడా కేకే. పైగా పిల్ల ఫోన్‌లో పంపిన బొమ్మలో ఉన్నది వదిన కాలంనాటి రాయి ఐసింగు కాదు. మెత్తటి వెన్న క్రీము, మూడంతస్తులు, లేత గులాబి రంగు. మే నెల ఎండలో అబిడ్స్ నుంచి మెదక్ దాకా తొంభై ఏడు కిలోమీటర్లు ఆ వెన్న కరగకుండా తీసుకుపోవాలి. పదకొండింటికి చర్చిలో పెళ్లి, పదింటికల్లా పక్కనున్న హాల్లో కేకు నిలబెట్టాలి.

బయల్దేరే ముందు రోజు సాయంత్రం టైర్లలో గాలి పట్టించుకుందామని నాంపల్లికి పోయాం. స్టేషన్ దగ్గరి ఒక సందులో, అందరూ చాచా అని పిలిచే ముసలాయన దుకాణం ఉంది. మా మామగారి కాలం నుంచీ మా బండ్లకు గాలి పట్టేది ఆయనే. చాచా దగ్గర ఒక పద్ధతుంది. నీలం రంగు చెక్క తలుపు మీద ఆయన తెల్ల పెయింటుతో రోజూ వచ్చేవాళ్ల బండ్ల బొమ్మలు వేసుకున్నాడు. స్కూటరు, ఆటో, పాల వ్యాను. ఒక్కో బొమ్మ పక్కన ఒక అంకె, ఆ బండికి ఎంత గాలి పట్టాలో. మా పాత పెట్రోలు కారు బొమ్మ పక్కన ఇరవై నాలుగు అని ఉండేది. మనం ఏమీ చెప్పనక్కరలేదు. పక్క హోటల్ నుంచి చాయ్ వస్తుంది, తాగేలోపు పని అయిపోతుంది. మీటరు వైపు తొంగిచూడడం మాత్రం చాలా తప్పు. "భరోసా లేదా సాబ్?" అని ఆయన ముఖం చిన్నబుచ్చుకుంటాడు. అందుకని ఆ దుకాణంలో ఎవరమూ మీటరు చూడం.

కరెంటు కారును చాచా దగ్గరికి తీసుకుపోవడం అదే మొదటిసారి. ఆయన దాని చుట్టూ తిరిగి, బానెట్ మీద చెయ్యి వేసి, "ఇంజనే లేదా దీన్ల? తోబా!" అని నవ్వాడు. మా ఆయన వెనక సీట్లు మడిచి, టేపుతో కేకు పెట్టెలకు చోటు కొలుస్తున్నారు. నేను ఫోన్‌లో పెళ్లికూతురితో పూల గురించి కొట్లాడుతున్నాను. మల్లెలంటే అది వద్దంటుంది, గులాబీలంటే నేను వద్దంటున్నాను. చాచాకు నమస్తే చెప్పడం, వెళ్లొస్తామని చెప్పడం తప్ప అక్కడ నేనేం మాట్లాడానో నాకు గుర్తులేదు.

తెల్లవారి కిందికి దిగి కారు చూశాను. రాత్రి మధ్యలో కరెంటు పోయిందట. కారు ఎనభై రెండు శాతం దగ్గర ఆగిపోయింది. తెర మీద నూట ముప్పై తొమ్మిది.

"ఫికర్ చెయ్యకు. తొంభై ఏడు పోవాలె, నూట ముప్పై తొమ్మిదున్నయి. నలభై రెండు మిగుల్తయి" అన్నారు మా ఆయన. కూడికలూ తీసివేతలూ ఆయనకు ప్రాణం.

మడిచిన సీట్ల మీద మూడు పెట్టెలూ సర్ది, పల్చటి గుడ్డలు కప్పాం. ఆ కారులో వెనక్కి చల్లగాలి వచ్చే రంధ్రాలు లేవు. ముందు మధ్యలో ఉన్న రెండింటినీ వెనక్కి తిప్పి, మా ఇద్దరి పక్కలా ఉన్నవి మూసేశాను. ఏసీ అంతా కేకుకే. నేను పట్టుచీర కట్టుకుని, మెడ వెనక్కి తిప్పుకుని కూర్చున్నాను. ఆరున్నరకు అబిడ్స్ దాటాం.

బాలానగర్ వచ్చేసరికి పన్నెండు కిలోమీటర్లు నడిచాం, కారు పదిహేడు కోసుకుంది. "ఫ్లైఓవర్ ఎక్కినం గదా, గట్లనే ఉంటది" అన్నారు. ఊరు దాటి, రోడ్డు ఖాళీ అయ్యేసరికి అంకె వంద. పోవాల్సింది డెబ్బై రెండు. నలభై రెండు మిగులు కాస్తా ఇరవై ఎనిమిది అయింది. ఇక నేను కేకును వదిలేసి తెరనే చూడ్డం మొదలుపెట్టాను. మేము ఒక కిలోమీటరు పోతే అది రెండు దిగుతోంది. ఇంత నమ్మకద్రోహం నేను మనుషుల్లో కూడా చూడలేదు.

"జర పది నిమిషాలు ఏసీ బంద్ చేద్దామా?" అన్నారాయన మెల్లగా.

"చెయ్యండి. నేను దిగి, కేకు నెత్తిన పెట్టుకుని నడుచుకుంటూ పోతా. మా వదిన నడవలేదా?"

ఆయన వేగం తగ్గించారు. అరవై, యాభై, నలభై ఐదు. లారీలు మమ్మల్ని దాటి పోయాయి. తర్వాత ట్రాక్టరు దాటింది. ఆ తర్వాత మేకలను ఎక్కించుకున్న ఆటో ఒకటి దాటిపోతూ ఉంటే, వెనక కూర్చున్న మేక నన్నే చూసింది. ఆయన చొక్కా వీపంతా తడిసి సీటుకు అంటుకుపోయింది. నా పట్టుచీర సంగతి చెప్పనే వద్దు. వెనక కేకు మాత్రం మహారాణిలా చల్లగా ఉంది.

అప్పుడు మొదలైంది నా నోరు. అది మొదలైతే ఆగదని మా బడిలో అందరికీ తెలుసు. పెట్రోలు కారు అమ్మొద్దంటే వినలేదన్నాను. ఫైళ్ల మీద సంతకాలు పెట్టే చేతికి కార్లు కొనే తెలివి ఎక్కణ్నుంచి వస్తుందన్నాను. కారు పుస్తకం ఒక్క పేజీ అయినా చదివారా అన్నాను. "చదివిన" అన్నారాయన. "ఏం చదివారు?" అంటే, "పాటలు పెట్టేది ఎట్లనో చదివిన" అన్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

నర్సాపూర్‌లో ఒక హోటల్ ముందు ఛార్జరు ఉందని యాప్‌లో చూపించింది. అక్కడికి చేరేసరికి తెర మీద యాభై ఐదు, పోవాల్సింది నలభై ఏడు. ఛార్జరు ఉన్న మాట నిజమే. దాని మీద నాలుగు తువ్వాళ్లు ఆరేసి ఉన్నాయి. హోటలాయన పళ్లు తోముకుంటూ వచ్చి, "మూడు నెలల సంది బందే ఉన్నదమ్మా. యాప్‌ల ఉంటే మేమేం జెయ్యాలె?" అన్నాడు. నేను అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. ఎనిమిది కిలోమీటర్ల మిగులుతో బయల్దేరితే ముందున్న అడవి దాటకముందే ఆగిపోతాం. ఆగిపోతే ఏసీ ఆగుతుంది. పిల్లకు నేనేం చెప్పాలి? తల్లి లేని పిల్ల, అడిగింది ఒక్కటే. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను.

రోడ్డుకు అవతల ఒకామె పంక్చరు దుకాణం నడుపుతోంది. నా ఏడుపు చూసి వచ్చిందో, కారు చూసి వచ్చిందో, చీర కొంగు నడుముకు దోపుకుంటూ వచ్చి మా టైర్ల ముందు గొంతుక్కూర్చుంది.

"ఏందక్కా, గిట్ల పండుకున్నయి టైర్లు? గీ గాలితోని ఎంత దూరం పోదామనుకున్నరు?"

మీటరు తెచ్చి పెట్టింది. మొదటి టైరు ఇరవై ఏడు. రెండోది ఇరవై ఏడు. మూడోదీ, నాలుగోదీ అంతే.

"పంక్చరైతే ఒక్కదాన్ల పోతది గాలి. గింత సమానంగ పోదు. ఎవ్వరో కావాలనే గింత పెట్టిన్రు" అంది.

నాలో ఉన్న ఫిజిక్స్ టీచరు లేచి నిలబడింది. "రోడ్డు మీద నడిచి టైరు వేడెక్కితే లోపల గాలి పీడనం పెరుగుతుంది. ఇప్పుడు ఇరవై ఏడంటే, చల్లగా ఉన్నప్పుడు మూడు తక్కువ. ఇరవై నాలుగు!" అని గట్టిగా చెప్పాను. చెప్పిన మరుక్షణం చాచా తలుపు, దాని మీద మా పాత కారు బొమ్మ కళ్లముందు కనబడ్డాయి. "ఇరవై నాలుగు! చాచా! పాత కారు అంకె పెట్టేశాడు ఆ ముసలాయన! టైర్లు మెత్తగుంటే బండి ఈడ్చుకుంటూ పోతుంది, కరెంటు తినక ఏం చేస్తుంది?"

మా ఆయన నా ముఖం ఒకసారి చూసి, నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నారు. కారు అవతలి వైపుకు పోయి నిలబడ్డారు. తప్పు చేసినవాడి మౌనమే అది అనుకున్నాను. గాలి పట్టించిన బండి ఆయనదే కదా.

ఆ పంక్చరామె డ్రైవరు తలుపు తెరిచి, లోపలి అంచుకు అంటించిన చీటీ మీద వేలు పెట్టింది. "గీడ రాసున్నది గదా, ముప్పై ఆరని." ఇద్దరం డిగ్రీలు చదివినవాళ్లం, ఆ చీటీని అప్పుడే మొదటిసారి చూశాం. వేడి మీద ఉన్నాయి కాబట్టి ముప్పై తొమ్మిది పెట్టమన్నాను. పెట్టింది. నాలుగు టైర్లూ చక్కగా లేచి నిలబడ్డాయి. తెర మీద అంకె మాత్రం యాభై ఐదే. "అది నడిచిన దారినే చూస్తది. మనం కొత్తగా నడిచి చూపెట్టాలె" అన్నారు మా ఆయన.

అడవిలోకి దిగాం. నలభై ఏడు కిలోమీటర్లూ నేను చాచాను తిట్టాను. కళ్లు కనబడకపోతే దుకాణం మూసుకోవాలన్నాను. ఆయన్ని గుడ్డిగా నమ్మినందుకు మా ఆయన్నీ తిట్టాను. ఆయన ఉలుకూ పలుకూ లేకుండా బండి నడిపారు. మధ్యలో అన్న ఫోన్ చేశాడు. "ఎక్కడిదాంక వచ్చిన్రు? పిల్ల అడుగుతున్నది" అన్నాడు. "వచ్చేశాం" అని అబద్ధమాడాను. కారుకు ఆ అలవాటు ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో మీకు తెలిసే ఉంటుంది. ముప్పై మిగిలి ఉండగా తెర మీద ముప్పై ఆరు. ఇరవై ఉండగా ఇరవై తొమ్మిది. ఇప్పుడు కిలోమీటరుకు ఒకటే దిగుతోంది, ఒక్కోసారి అదీ దిగడం లేదు. చర్చి గోపురం కనబడేసరికి నేను తిట్టడం ఆపి ప్రార్థన మొదలుపెట్టాను. హాలు ముందు ఆగినప్పుడు ఇంకా పదకొండు చూపిస్తోంది. టైము పదీ పది.

నడిమి అంతస్తు ఒక పక్కన చిటికెడంత జారింది. అంతే. పుల్లలు గుచ్చి, ఒకదాని మీద ఒకటి నిలబెట్టి, జారిన చోట మల్లెలు గుచ్చాను. ఆ పావుగంటా నా చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదు. పెళ్లి అయ్యాక పిల్ల వచ్చి కేకు ముందు నిలబడింది. జారిన చోట గుచ్చిన మల్లెలను వేలితో తాకింది. తర్వాత, "అచ్చం అమ్మ చేసినట్లే ఉన్నది అత్తమ్మా" అంది.

"ఊరుకోవే. మీ అమ్మ చేసింది కత్తికి తెగేది కాదు" అన్నాను. ఇద్దరం పట్టుకుని ఏడ్చాం, ముఖాలకు పూసుకున్నవన్నీ పోయేలా.

సోమవారం సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి రాగానే ఆయన్ని లాక్కుని నాంపల్లికి పోయాను. రెండు రోజులుగా మాటలు కూర్చుకుని పెట్టుకున్నాను. చేతిలో కేకు ముక్కల డబ్బా ఉంది. ముందు తిట్టి, తర్వాత పెడదామని. "ఛోడో ఇగ, పెద్దమనిషి" అని దారిలో ఆయన రెండుసార్లు అన్నారు. నేను వినలేదు.

"ఏంది చాచా, పెద్దమనిషివి! మా ప్రాణాలు తీసేస్తివి గదా! కొత్త కారుకు ఇరవై నాలుగు పెడతారా ఎవరైనా?"

చాచా చేతిలో స్పానర్ కింద పెట్టి, నన్ను వింతగా చూశాడు.

"అడిగిన గద, టీచరమ్మా. బండి కొత్తది, పాత లెక్కనే పెట్టాల్నా అని. మీరు ఫోన్‌ల ఉన్నరు. ఔ అన్నరు. నాకు జర పరేషాన్ అయి మళ్ల అడిగిన. మళ్ల ఔ, ఔ అన్నరు."

మల్లెలా, గులాబీలా. ఔ, ఔ. నాకు మొత్తం గుర్తొచ్చింది. తల తీసి మొలేసినట్టయింది. తొమ్మిదో తరగతికి ఇరవై రెండేళ్లుగా పీడనం పాఠం చెప్తున్న మనిషిని. మా ఆయన వైపు చూశాను. ఆయన చాయ్ గ్లాసులోకి ఎంతో శ్రద్ధగా చూస్తున్నారు.

డబ్బా చాచా చేతిలో పెట్టాను. ఆయన కిరసనాయిలు బట్టతో తలుపు మీది పాత అంకె తుడిచి, పెయింటు కుంచె పట్టుకుని నా వైపు తిరిగాడు. ఫోను సంచిలో వేసి, ఎదురుగా నిలబడి, "ముప్పై ఆరు" అని రెండుసార్లు చెప్పాను.

కారెక్కాక అడిగాను. "నేను ఔ అన్నది మీరు విన్నారా?"

"విన్న. అప్పుడు పట్టించుకోలే. నర్సాపూర్‌ల నువ్వు ఇరవై నాలుగు అన్నప్పుడు గుర్తొచ్చింది."

"మరి నలభై ఏడు కిలోమీటర్లు మిమ్మల్ని, ఆ ముసలాయన్ని తిడుతూ ఉంటే నోరు మూసుకుని ఎందుకు కూర్చున్నారు?"

ఆయన నాంపల్లి ట్రాఫిక్‌లో ముందున్న ఆటోను చూస్తూ చెప్పారు. "అప్పుడు చెప్తే నీ చేతులు వణికేటివి. కేకు నిలబెట్టేది నువ్వే గదా."

పెళ్లి రోజు కేకు కోసం మూసేసిన ఏసీ రంధ్రం ఆయన పక్కన ఇంకా మూసే ఉంది. చెయ్యి చాచి దాన్ని తెరిచి, గాలి ఆయన వైపు తిప్పాను.

"కిలోమీటర్లు తగ్గుతయి" అన్నారు.

"తగ్గనీ" అన్నాను.